ఎలుకకు తిండి పెడితే పాముకు కబురు పెట్టినట్టే!

ఇల్లన్నాక మనమొక్కళ్ళమే ఉండం. గోడమీద బల్లి ఉంటుంది. అటకమీద ఎలుక ఉంటుంది. తూములోంచి చుంచు వచ్చి పోతుంటుంది. పెరట్లో ముంగిస, జామచెట్టు మీద ఉడుత, కట్టెల మోపు కింద తేలు, వానాకాలం వస్తే పాము... ఇక కోతుల సంగతి చెప్పనే అక్కర్లేదు! మగవాళ్ళు పొద్దున్నే పనులకు వెళ్ళిపోతారు. పిల్లలు బడికి పోతారు. రోజంతా ఇంట్లో ఉండి వీటన్నిటితో వేగాల్సింది ఎవరు? మనమే! బియ్యం డబ్బా మూత తీస్తే ఎదురయ్యేది మనకే. తెల్లారగట్ల దొడ్డి తలుపు తీస్తే కాళ్ళ దగ్గర కదిలేదీ మనకే.

పాము కనబడితే వీధి వీధంతా పోగవుతుంది. కర్రలొస్తాయి, అరుపులొస్తాయి. దాన్ని చంపి, తగలబెట్టి, "హమ్మయ్య" అనుకుని ఎవరి ఇళ్ళకు వాళ్ళు పోతారు. నెల తిరక్కుండా అదే ఇంట్లో ఇంకోటి! "పగబట్టింది, జత పాము వెతుక్కుంటూ వచ్చింది" అంటారు. పగా లేదు, ఏమీ లేదు. పగబట్టేంత బుర్ర పాముకు లేదు. మొదటి పాము దేనికోసం వచ్చిందో రెండో పామూ దానికోసమే వచ్చింది. ఆ వచ్చిన కారణాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు.

ఏ జీవి అయినా మన ఇంటికి మూడింటి కోసమే వస్తుంది. తిండి, నీళ్ళు, నక్కడానికి చోటు. ఈ మూడూ దొరికితే కొట్టినా పోదు. దొరక్కపోతే పిలిచినా రాదు. ఈ మూడూ ఉండేది వంటింట్లో, కొట్టుగదిలో, పెరట్లో. అంటే మన చేతిలోనే అన్నమాట! అందుకే ఈ పని మగవాళ్ళ కర్రలతో అయ్యేది కాదు, మన చీపురుతో, డబ్బా మూతతో అయ్యేది.

ముందు ఎలుక సంగతి చూడండి

అన్నిటికీ మూలం ఎలుక. ఎలుక కడుపుతో ఉండేది దాదాపు మూడు వారాలే. ఒక్కో ఈతకు ఆరు నుంచి పది పిల్లలు. ఆ పిల్లలు రెండు మూడు నెలలకే మళ్ళీ ఈతకు వస్తాయి. ఇక లెక్క మీరే వేసుకోండి! "ఒక్క ఎలుకే కదా, పోనిద్దురూ" అనుకున్న ఇంట్లో సంక్రాంతి నాటికి సంసారాలు వెలుస్తాయి.

దాని పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. అరగదీసుకోడానికి ఏదో ఒకటి కొరుకుతూనే ఉండాలి. చెక్క తలుపు, ప్లాస్టిక్ డబ్బా, కరెంటు వైరు... ఏదీ వదలదు. వైరు కొరికితే మంటలంటుకునే ప్రమాదం కూడా ఉంది. దాని మూత్రం కలిసిన నీళ్ళలో పుండున్న కాలు పెడితే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావచ్చు. వరిచేలల్లో పనిచేసేవాళ్ళకు ఈ జ్వరం ఎక్కువగా వస్తుంటుంది.

మరి ఏం చేయాలి? ముందు దారులు మూయండి. చిట్టెలుకకు మన చిటికెన వేలు పట్టేంత సందు చాలు, దూరిపోతుంది. కాబట్టి ఓ సాయంత్రం టార్చిలైటు పట్టుకుని ఇల్లంతా ఒక చుట్టు తిరగండి. తలుపు కింద సందు, పంపు గొట్టం గోడలోకి వెళ్ళే చోటు, కిటికీ మూల, అటక చివర, బాత్రూం తూము... చిల్లి కనబడిన చోటల్లా గిన్నెలు తోమే స్టీలు పీచు గట్టిగా దూర్చి, పైన సిమెంటు పూయండి. ఉత్త సిమెంటైతే తడి ఆరకముందే కొరికేస్తుంది. మా అమ్మావాళ్ళ కాలంలో పగిలిన గాజుపెంకులు దంచి కలిపేవారు. అదీ మంచిదే, కాకపోతే చేతులు జాగ్రత్త! తూముకు పావు అంగుళం కన్నా సన్నటి కన్నాలున్న ఇనుప జాలీ బిగించండి. చెక్క తలుపు అడుగున రేకు పట్టీ కొట్టించండి. పైకప్పుకు ఆనుకున్న చెట్టుకొమ్మ ఉంటే నరికించండి, అది ఎలుకకు నిచ్చెన!

తర్వాత తిండి. బియ్యం, పప్పులు, వేరుశనగలు గోతాల్లో ఉంచకండి. స్టీలు డ్రమ్ములో, రేకు డబ్బాలో పోసి మూత బిగించండి. గోతాలు పెట్టక తప్పదంటారా? గోడకు ఒక మూర దూరంగా, కింద చెక్కబల్ల వేసి, దానిమీద పెట్టండి. అప్పుడు గోతాం వెనకా కిందా మీ కంటికి కనబడుతుంది. రాత్రి ఎంగిలి గిన్నెలు సింకులో వదిలేసి పడుకుంటే ఎలుకలకు విందు చేసినట్టే. కుక్కకో పిల్లికో పెట్టిన అన్నం మిగిలితే పడుకోబోయే ముందు తీసేయండి. కోళ్ళున్న వాళ్ళు చల్లిన నూకలు, గింజలు సాయంత్రానికల్లా ఊడ్చేయండి. బొట్లు బొట్లుగా కారే పంపు ఉంటే బాగుచేయించండి. వేసవిలో ఆ నీటిచుక్క కోసమే తేలు నుంచి పాము దాకా అన్నీ అక్కడికే చేరతాయి.

మందు వద్దు, బోను ముద్దు

ఎలుకల మందు విషయంలో మాత్రం చేతులు జోడించి చెబుతున్నాను. ముద్దలా ఉండి, ట్యూబులో వచ్చే పసుపు భాస్వరం మందు ఇంట్లోకి రానివ్వకండి. అది కడుపులోకి పోతే కాలేయాన్ని పాడుచేస్తుంది. దానికి విరుగుడు లేదు. పైగా తిన్న రోజు వాంతులై తగ్గినట్టు అనిపిస్తుంది. "పోనీలే, గండం గడిచింది" అనుకుని ఊరుకుంటారు. రెండు మూడు రోజులకు పచ్చకామెర్లు కనబడతాయి. అప్పటికి చేయి దాటిపోతుంది. టొమాటో ముక్కకో రొట్టెముక్కకో రాసి గూట్లో పెడితే, పసిపిల్లలకు అది తినే వస్తువే కదా! ఇక ఇంట్లో ఎవరి మనసైనా బాగాలేని రోజున ఆ ట్యూబు చేతికందేటట్టు ఉండడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? పొరపాటున ఎవరైనా తింటే, ఎంత కొంచెమైనా, బాగానే ఉన్నట్టున్నా సరే, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. మందు డబ్బా కూడా వెంట తీసుకువెళ్ళండి.

మందుతో ఇంకో చిక్కుంది. ఎలుక వాంతి చేసుకోలేదు. అందుకని కొత్త తిండి దేన్నైనా కాస్త కొరికి చూసి, ఒంట్లో తేడా చేస్తే ఇక దాని జోలికి రాదు. మందు వృథా! ఒకవేళ చచ్చినా ఏ అటక సందులోనో చచ్చి, వారం రోజులు ఇల్లంతా కంపు. ఆ చచ్చినదాన్ని తిన్న పిల్లీ, గుడ్లగూబా కూడా పోతాయి. జిగురు అట్టలూ అంతే. వాటికి ఎలుక కన్నా ముందు బల్లులు, పిచ్చుకలు అతుక్కుని గిలగిలా కొట్టుకుంటాయి, చూడలేం.

బోను మేలు. కానీ బోను పెట్టడానికీ ఓ పద్ధతుంది. ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం. అందుకని మొదటి రెండు మూడు రోజులు బోను తలుపు పడకుండా కట్టేసి, లోపల తిండి మాత్రం పెట్టండి. తిని వెళ్ళనివ్వండి. అలవాటు పడ్డాక నాలుగో రోజున తలుపు ఎత్తిపెట్టండి. గది మధ్యలో కాదు, గోడవారగా పెట్టాలి. ఎలుక ఎప్పుడూ గోడను ఆనుకునే పరిగెడుతుంది. కాల్చిన కొబ్బరిముక్క, ఉల్లి పకోడీ, ఎండుచేప... ఈ మూడిట్లో ఏదో ఒకదానికి లొంగని ఎలుకను నేను చూడలేదు! దాని పెంటికలు పొడిగా ఊడవకండి, దుమ్ము ముక్కులోకి పోతుంది. బ్లీచింగ్ నీళ్ళు చల్లి, కాసేపు నాననిచ్చి, గుడ్డతో తీసి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

పొలం గట్ల మీద ఎలుకల సంగతైతే మన యానాదులకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. కన్నం దగ్గర మట్టికుండలో గడ్డి రాజేసి, పొగ లోపలికి ఊది ఎలుకల్ని పట్టేస్తారు. డెల్టా ఊళ్ళలో తాటాకు బుట్టలు పెట్టి పట్టేవాళ్ళూ ఉన్నారు. విషం చుక్క లేకుండా చేసే పని అది. ఊరంతా చందా వేసుకుని పంట వేసే ముందు వాళ్ళను పిలిపించుకుంటే ఇళ్ళకూ మంచిదే, చేలకూ మంచిదే.

మన వైపు ఉన్నవాళ్ళు

ఎలుకను తరమమన్నానని కనబడిన ప్రతిదాన్నీ తరమకండి. కొన్ని మన పని చేసిపెట్టేవి కూడా ఉన్నాయి.

పొడుగు మూతి, కీచుమనే గొంతు, వెళ్ళిన చోటల్లా ఒకలాంటి కంపు... చుంచును అందరూ ఎలుకే అనుకుంటారు. కానీ అది ఎలుక జాతే కాదు. దాని తిండి పురుగులు, బొద్దింకలు. బియ్యం జోలికి అంతగా రాదు. కంపు భరించలేమనుకుంటే తూముకు జాలీ వేయండి చాలు, చంపనక్కర్లేదు.

బల్లికి విషం లేదు. "పాలల్లో బల్లి పడింది, తాగినవాళ్ళకు వాంతులు" అని అప్పుడప్పుడూ వింటుంటాం. అది బల్లి విషం కాదు. బల్లి ఒంటిమీద, దాని పెంటికల్లో ఉండే క్రిములు తిండిలో చేరడం వల్ల కడుపు చెడుతుంది. కాబట్టి బల్లి పడిన తిండి పారబోయాల్సిందే, అందులో సందేహం లేదు. కానీ బల్లిని చంపితే దోమలు, పురుగులు ఎవరు తింటారు? నెత్తిన పడితే ఒక ఫలం, భుజాన పడితే ఇంకో ఫలం అని పంచాంగంలో చూసుకుంటాం. కంచి వరదరాజస్వామి గుళ్ళో బంగారు బల్లిని తాకి వస్తాం. ఇంట్లో బల్లిని మాత్రం చీపురుతో కొడతాం! గిన్నెల మీద మూతలు పెట్టుకుంటే ఇద్దరికీ గొడవ లేదు.

గుడ్లగూబ కూసిందంటే ఇంట్లో చావు అంటారు. నిజానికి అది ఇంటి చుట్టుపక్కల తిరుగుతోందంటే అక్కడ ఎలుకలున్నాయని అర్థం. రాత్రంతా మేలుకుని వాటిని పట్టి తినేది అదే. ముంగిస కూడా అంతే. అయితే కోళ్ళున్నవాళ్ళు గూటికి సన్నజాలీ కట్టుకోక తప్పదు.

పాములన్నీ విషం కాదు

ఇక అసలు సంగతికి వద్దాం. పాము మన బియ్యం తినదు, పాలు తాగదు. దానికి కావలసింది ఎలుక, కప్ప, బల్లి. ఎలుక ఏ దారిన ఇంట్లోకి వచ్చిందో పామూ ఆ దారినే, ఆ వాసనే పట్టుకుని వస్తుంది. ఎలుకకు తిండి పెడితే పాముకు కబురు పెట్టినట్టే అన్నది అందుకే!

కార్తీకమాసంలో నాగుల చవితికి పుట్టలో పాలుపోసి, చలిమిడి, చిమ్మిలి పెట్టి దణ్ణం పెట్టుకుంటాం. తెలంగాణలో శ్రావణంలో నాగుల పంచమి చేసుకుంటారు. మన పెద్దవాళ్ళు పంట కాపాడే జీవికి ఇచ్చిన గౌరవం అది. పూజ చేసిన చేత్తోనే మర్నాడు కర్ర పట్టుకోవడం న్యాయమేనా చెప్పండి!

మన ఇళ్ళ చుట్టుపక్కల కనిపించే పాముల్లో ఎక్కువ భాగం విషం లేనివే. పొడుగ్గా, జర్రున పారిపోయే జెర్రిపోతు ఉంది చూశారూ, ఆవు కాళ్ళకు చుట్టుకుని పాలు తాగుతుందని దానిమీద అపవాదు. పాము నోటికి పాలు చీకే శక్తే లేదు. అది తినేది ఎలుకల్నే. చెరువుల దగ్గర, మురుగు కాలవల దగ్గర కనిపించే నీరుకట్టెకూ విషం లేదు, కాకపోతే కోపం ఎక్కువ. రెండుతలల పాము అని పిలిచేదానికి ఉన్నది ఒకటే తల, తోక మొద్దుగా ఉండి తలలా కనబడుతుంది. అది ఇంట్లో ఉంటే లక్షలొస్తాయని చెప్పి మోసాలు చేసేవాళ్ళున్నారు, నమ్మకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం నేరం.

మనుషుల ప్రాణాలు ఎక్కువగా తీసేవి నాలుగు. ఇవి మాత్రం గుర్తుపెట్టుకోండి.

నాగుపాము. దీన్ని తాచుపాము అనీ అంటాం. పడగ విప్పుతుంది, పడగ వెనక కళ్ళజోడు గుర్తు ఉంటుంది.

కట్లపాము. నల్లగా నిగనిగలాడే ఒళ్ళు, మీద సన్నటి తెల్లటి కట్లు. పగలు దాక్కుంటుంది, రాత్రిపూట తిరుగుతుంది.

రక్తపింజర. లావుగా, బద్ధకంగా, ఒంటిమీద గొలుసు అల్లినట్టు గుండ్రటి మచ్చలు. దగ్గరికెళితే కుక్కర్లోంచి ఆవిరి వదిలినట్టు గట్టిగా బుస కొడుతుంది. వరి కోతలప్పుడు, గడ్డివాముల దగ్గర జాగ్రత్త.

చిన్న పింజర. మూరెడు, మూరెడున్నర ఉంటుంది. రాళ్ళూ ఇసుకా ఉండే మెట్ట ప్రాంతాల్లో ఉంటుంది. ఒళ్ళు చుట్టలు చుట్టి రుద్దుకుంటే పెనంమీద నూనె చిటపటలాడినట్టు చప్పుడు వస్తుంది. చిన్నదని అలుసు చేయకండి.

2000 నుంచి 2019 దాకా ఇరవై ఏళ్ళలో మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది పోయారని 2020లో వచ్చిన ఒక పరిశోధన అంచనా వేసింది. ఏడాదికి సగటున 58 వేల మంది! ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. ఆ చావుల్లో సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. ఎందుకంటే వానకు కన్నాలు నిండిపోయి ఎలుకలు మెరకకు వస్తాయి, వాటి వెనకే పాములూ వస్తాయి. ఆ మెరక మన ఇంటి అరుగే! 2018లో కృష్ణా జిల్లా దివిసీమలో పాముకాట్లు బాగా ఎక్కువై జనం బెంబేలెత్తిపోయారు. ఆ ఆగస్టులో మోపిదేవి గుళ్ళో సర్పశాంతి యాగం కూడా జరిగింది. భక్తి ఉండాల్సిందే. దానితోపాటు మంచం, దోమతెర, టార్చిలైటు కూడా ఉండాలి.

నేలమీద పడక వద్దు

ఈ మాట ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానంటే, కట్లపాము కాటు పడేది ఎక్కువగా నేలమీద చాప వేసుకుని నిద్రపోయే వాళ్ళకే. ఎలుకల కోసం రాత్రి ఇంట్లోకి వస్తుంది. నిద్రలో మనం ఒత్తిగిలితే కరుస్తుంది. చీమ కుట్టినంత నొప్పి కూడా ఉండకపోవచ్చు. గాటు కనబడదు. వాపు రాదు.

మా పుట్టింటి పక్కవీధిలో ఓ అమ్మాయి, ఇద్దరు పిల్లల తల్లి, శ్రావణమాసంలో ఒకనాడు తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేచింది. రాత్రి తిన్నది పడలేదేమోనని అత్తగారు వాము నలిపి ఇచ్చారు. కాసేపటికి మింగలేకపోతున్నానంది. కళ్ళు మూతలు పడుతున్నాయి. "నిద్ర చాల్లేదు, పడుకోనివ్వండి" అన్నారొకరు. "గాలి సోకింది, తాయెత్తు కట్టించండి" అన్నారింకొకరు. అంతలో ఏదో పనిమీద అటు వచ్చిన ఆశా కార్యకర్త ఆ కనురెప్పలు చూసి, "రాత్రి ఎక్కడ పడుకుందమ్మా?" అని ఒక్కటే ప్రశ్న అడిగింది. కింద, చాపమీద. వెంటనే 108కి ఫోను చేసింది. పెద్దాసుపత్రిలో విరుగుడు ఇంజక్షన్లు ఇచ్చి, ఊపిరి అందించే మిషను మీద రెండు రోజులుంచారు. ఆ అమ్మాయి బతికి ఇంటికొచ్చింది. ఒంటిమీద ఎక్కడ కరిచిందో ఆఖరిదాకా ఎవరికీ కనబడలేదు. ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే ఆ పిల్లలిద్దరి గతేమిటి? ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

కాబట్టి ఏ తల్లి అయినా ఇది కంఠతా పట్టాలి. రాత్రి నేలమీద పడుకున్న మనిషి తెల్లారేసరికి కారణం లేకుండా కడుపునొప్పి, వాంతి, గొంతు పట్టేయడం, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం... వీటిల్లో ఏది ఉన్నా పాముకాటేమోనని అనుమానించి ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మంచం ఉంటే మంచం మీదే పడుకోండి. దుప్పటి నేలకు వేలాడనివ్వకండి. మంచం లేనివాళ్ళు దోమతెర కట్టుకుని, దాని అంచులు చాప కిందికి నాలుగు వైపులా దూర్చండి. దోమలకే కాదు, పాముకూ అది గోడే. పడుకోబోయే ముందు పక్క దులపండి. రాత్రి బయటికి వెళితే టార్చి, కాళ్ళకు చెప్పులు తప్పనిసరి. పిల్లల బడి బూట్లు బోర్లించి విదిలించాకే తొడగండి. కట్టెలు, పిడకలు తీసేటప్పుడు ముందు కర్రతో కదిపి, తర్వాత చెయ్యి పెట్టండి. ఆ కట్టెల మోపు, ఇటుకల కుప్ప, పాత రేకులు ఇంటి గోడకు ఆనించకుండా దూరంగా వేయించండి.

వెల్లుల్లి, ఫినాయిలు, కార్బాలిక్ యాసిడ్, గుమ్మానికి ఈశ్వరి వేరు... ఇవి పెడితే పాము రాదంటారు. వీటిని నమ్ముకుని కన్నాలు మూయడం మానేస్తేనే ముప్పు. కార్బాలిక్ యాసిడ్ అయితే పిల్లల చేతులు కాల్చేస్తుంది కూడా.

ఇంట్లో పాము కనబడితే ముందు పిల్లల్ని, కుక్కని బయటికి పంపండి. ఆ గది తలుపు మూసి, తలుపు కింద తడిగుడ్డ కుక్కండి. కాస్త దూరం నుంచి కనిపెట్టుకుని ఉండి, అటవీశాఖ వారికో, పాములు పట్టేవాళ్ళకో కబురు చేయండి. హైదరాబాదులో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళు ఫోను చేస్తే వచ్చి పట్టుకెళతారు. మీ ఊళ్ళో ఎవరున్నారో ముందే కనుక్కుని నంబరు గోడమీద రాసిపెట్టుకోండి. కర్ర పట్టుకుని మీద పడితేనే కాట్లు ఎక్కువ.

కాటు పడితే...

భయపడకండి. కరిచినవన్నీ విషప్పాములు కావు. విషప్పాము కరిచినా ప్రతిసారీ విషం ఎక్కించదు. కానీ ఆ తేల్చాల్సింది డాక్టరు, మనం కాదు.

మనిషిని నడవనివ్వకండి, పరిగెత్తనివ్వకండి. చెయ్యో కాలో విరిగినప్పుడు ఎలా కదలకుండా కడతామో అలా చెక్కబద్ద పెట్టి వదులుగా కట్టండి. గాజులు, ఉంగరాలు, మట్టెలు, పట్టీలు వెంటనే తీసేయండి, వాపొస్తే బిగుసుకుపోతాయి. కాటు పడిన టైము గుర్తుపెట్టుకోండి. 108కి ఫోను చేయండి.

తాడుతో బిగించి కట్టకండి. బ్లేడుతో కోయకండి. నోటితో పీల్చకండి. పసరు పోయకండి, సారా తాగించకండి. మంత్రగాడి దగ్గరికి వెళ్ళి వచ్చేలోపు పోయేది విలువైన గంట. పామును వెతికి పట్టుకెళ్ళాల్సిన పని లేదు. ఈ నాలుగు పాముల విషానికీ పనిచేసే విరుగుడు మందు ఒక్కటే, అది ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. ఆ మందు తయారీకి కావలసిన విషాన్ని చాలావరకు ఇచ్చేది తమిళనాడులో పాములు పట్టే ఇరుళ జాతివారి సహకార సంఘం. 1978లో మొదలైంది అది. ఆ జాతికే చెందిన ఇద్దరికి 2023లో పద్మశ్రీ వచ్చింది. పాముల విషంతోనే మనుషుల ప్రాణాలు నిలబెడుతున్నవాళ్ళు వాళ్ళు!

కోతుల గోల

కోతులకూ అదే సూత్రం, తిండి. కొందరం శనివారం శనివారం ఆంజనేయస్వామి పేరు చెప్పి గుడి మెట్లమీద అరటిపండ్లు పంచుతాం. ఆ రుచి మరిగిన కోతి మిగతా రోజుల్లో అడవికి పోదు, మన వంటింటికి వస్తుంది. మనింటి ముందు పెట్టిన పండు పక్కింటి పసిపిల్లకు కాటై తగులుతుంది. స్వామికి పండు గుళ్ళోనే నివేదించి, పిల్లలకు పంచితే పుణ్యం ఎక్కడికీ పోదు. తెలంగాణలో కోతుల కోసం నిర్మల్ దగ్గర 2020లో ఒక కేంద్రం తెరిచి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయడం మొదలుపెట్టారు. కానీ ఊళ్ళో తిండి దొరుకుతున్నంతకాలం ఎన్ని ఆపరేషన్లు చేసినా చాలవు.

కిటికీలకు జాలీ బిగించండి. వడియాలు, అప్పడాలు డాబామీద ఆరబెడితే పైన వల కట్టండి. చెత్తబుట్టకు బరువైన మూత పెట్టండి. బజారు నుంచి వచ్చేటప్పుడు పండ్లు కనబడే పాలిథిన్ కవర్లలో కాక, మూతున్న గుడ్డసంచీలో తెచ్చుకోండి. కోతి ఎదురైతే కళ్ళలోకి చూడకండి, నవ్వకండి, మన పళ్ళు కనబడితే తగవుకు పిలిచామనుకుంటుంది. సంచీ లాక్కుంటే వదిలేయండి. కొండముచ్చును తెచ్చి కట్టేయడం చట్టరీత్యా నేరం. కోతి కరిచినా, రక్కినా పావుగంటసేపు పంపు కింద సబ్బుతో కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా వేయించుకోవాలి. పసుపూ కారమూ పెట్టి ఊరుకోవద్దు.

ఈ రాత్రికే మొదలుపెట్టండి

ఇన్ని ఒకేసారి అవుతాయా అంటారేమో. అక్కర్లేదు. ఈ రాత్రి ఎంగిలి గిన్నెలు కడిగి పడుకోండి. రేపు బియ్యం గోతాం డ్రమ్ములో పోయండి. ఆదివారం ఇంట్లో అందరూ ఉన్నప్పుడు కన్నాలు వెతికి మూయించండి. వానలు మొదలయ్యేలోపు కట్టెల మోపు గోడ దగ్గర్నుంచి జరిపించండి, దోమతెర చిరుగులు కుట్టుకోండి. పాము కాటుకు మందున్న ప్రభుత్వాసుపత్రి మీ ఊరికి ఎంత దూరమో కనుక్కోండి. వీటిల్లో పెద్ద ఖర్చయ్యేది ఏదీ లేదు. ఎలుక రాకపోతే పామూ రాదు. వచ్చినా, మన పిల్లలు దానికి అందేటంత కింద పడుకుని ఉండరు.